వింబుల్డన్‌కు కారు మాట్లాడుకునే ముందు: అమ్మాయికి ఉత్తరం

రాజమహేంద్రవరం

చి. ల. సౌ. అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

మీ మామగారికి భీమరథ శాంతి జరిగిన ఏడాదే ఆయనను వింబుల్డన్ టెన్నిస్ పోటీలకు తీసుకువెళ్లాలని అల్లుడుగారు అక్కడి ప్రధాన కోర్టయిన సెంటర్ కోర్టుకు నాలుగు డిబెంచర్ టిక్కెట్లు (క్లబ్బుకు ముందే సొమ్ము కట్టినవాళ్లకు దక్కేవి, వాళ్లు తిరిగి అమ్ముకోగలిగేవి) కొన్నారని చదివి చాలా సంతోషించాము. లండన్ పడమటి వైపున్న మీ హౌన్‌స్లో నుంచి అక్కడికి డ్రైవరుతో సహా కారును రోజంతా మాట్లాడుకోవడం అవసరమా, లేక అది ఉత్త ఆడంబరమా అని నువ్వు అడిగావు. లండన్‌లో ఉన్నన్నాళ్లూ నేను అద్దెకార్ల బుకింగ్ బల్ల దగ్గరే పనిచేశాను కనుక, జూన్ చివరినుంచి జులై రెండో వారం దాకా ఆ బల్ల మీద ఫోన్లు ఎలా మోగుతాయో, సాయంత్రమయ్యేసరికి ఎవరెవరు ఎందుకు కోప్పడతారో నాకు తెలుసు.

మీ ఇద్దరే వెళ్లేటట్లయితే కారు ఊసే వద్దనేవాడిని. హౌన్‌స్లో ఈస్ట్‌లో పికడిలీ లైన్ మెట్రో రైలు ఎక్కి, ఎర్ల్స్ కోర్ట్‌లో డిస్ట్రిక్ట్ లైనుకు మారి, సౌత్‌ఫీల్డ్స్‌లో దిగితే అక్కడినుంచి పదిహేను నిమిషాల నడక. టోర్నమెంటు రోజుల్లో రోడ్డు మీద వెళ్లేవాళ్లకంటే రైల్లో వెళ్లేవాళ్లే ముందు చేరతారు. కానీ మీ అత్తగారి మోకాళ్ల సంగతి నువ్వే రాశావు. పొద్దున్న ఆ పదిహేను నిమిషాలు ఆవిడ నెమ్మదిగా నడవగలరేమో కానీ, ఆట ముగిశాక వేలమంది ఒక్కసారిగా గేట్లలోంచి బయటపడి అదే స్టేషనువైపు సాగుతుంటే, ఆ జనంలో రాత్రిపూట ఆవిడను నిలబెట్టడం భావ్యం కాదు. అందుచేత కారు మాట్లాడుకోండి. అయితే మీరు డబ్బు పెట్టేది వెళ్లడానికి కాదు, తిరిగి రావడానికి అని గుర్తుంచుకుని బేరం ఆడండి.

ఎందుకంటే టెన్నిస్‌కు గడియారం లేదు. క్రికెట్‌కు ఓవర్ల లెక్క ఉంది, ఫుట్‌బాల్‌కు తొంభై నిమిషాలున్నాయి. ఇక్కడ స్త్రీల సింగిల్స్‌లో రెండు సెట్లు గెలిచినవారిదీ, పురుషుల సింగిల్స్‌లో మూడు సెట్లు గెలిచినవారిదీ విజయం. అది గంటంబావులో తేలవచ్చు, అయిదు గంటలూ పట్టవచ్చు. 2010లో ఇస్నర్, మహు ఆడిన పోటీ 11 గంటల 5 నిమిషాలు సాగి మూడు రోజులు పట్టిందని మీ మామగారికి తెలిసే ఉంటుంది. 2022 నుంచి చివరి సెట్టు 6-6 వద్ద పది పాయింట్ల టైబ్రేక్ (సెట్టును తేల్చే చివరి చిన్న ఆట) పెట్టినందువల్ల అంతటి విడ్డూరం మళ్లీ జరగదు కానీ, రాత్రి పొద్దుపోయేదాకా ఆడడం మాత్రం మామూలే. సెంటర్ కోర్టుకు 2009లో పైకప్పు వచ్చింది. దానితోపాటు దీపాలూ వచ్చాయి కనుక చీకటి పడినా ఆట ఆగదు. రాత్రి 11 గంటలకు ఆపాలన్నది ఆ ప్రాంతపు స్థానిక పాలక మండలి అయిన మెర్టన్ కౌన్సిల్‌తో ఉన్న ఒప్పందం. అయినా 2012లో ముర్రే, బగ్దాటిస్‌ల పోటీ 11 గంటల 2 నిమిషాలకు ముగిసింది. మన హైదరాబాద్ అమ్మాయి సానియా 2015 జులైలో స్విట్జర్లాండ్ క్రీడాకారిణి హింగిస్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలిచిన రోజూ ఇంతే: మూడో సెట్టులో 2-5తో వెనకబడి, 5-5 దగ్గర వెలుతురు చాలక పైకప్పు మూసి దీపాలు వేశాక 7-5తో గెలిచారు. ఆ వేళకు కారు కిరాయి గడువు అయిపోయిందని ఎవరైనా లేచి వెళ్లిపోయి ఉంటే వాళ్ల దురదృష్టాన్ని ఏమనాలి!

మీ టిక్కెట్లు జులై 7, మంగళవారం, క్వార్టర్ ఫైనల్స్ రోజువి. సెంటర్ కోర్టులో ఆట మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలవుతుంది. రెండు సింగిల్స్ పోటీల తరువాత వీలునుబట్టి డబుల్స్ కూడా ఉండవచ్చు. కనుక ‘సాయంత్రం ఏడింటికి రండి’ అని తిరుగు ప్రయాణాన్ని విడిగా బుక్ చేయడం వృథా. ఆ వేళకు ఆట సగంలో ఉంటే, ఆ డ్రైవరు తన తరువాతి బుకింగుకు వెళ్లక తప్పదు, రద్దీలో మరో కారు దొరకదు. పొద్దున్న పదకొండు నుంచి రాత్రి పదకొండున్నర దాకా ఒకే కారు, ఒకే డ్రైవరు అని గంటల లెక్కన మాట్లాడుకోండి. ధర ఎక్కువే. ఖర్చు తగ్గించాలనుకుంటే పొద్దున్న మామూలు కారులో వెళ్లి, సాయంత్రం అయిదు నుంచి మాత్రమే కారును గంటల లెక్కన అట్టిపెట్టుకోవచ్చు. చాలామందికి తోచని పద్ధతి ఇది, నేను అడిగినవాళ్లకల్లా చెప్పేవాడిని. కనీసం ఇన్ని గంటలు తీసుకోవాలన్న నిబంధన దాదాపు అందరికీ ఉంటుంది కాబట్టి ముందు అది కనుక్కో. పైబడిన సమయానికి అరగంట చొప్పున వేస్తారా, గంట చొప్పున వేస్తారా అన్నది కూడా రాతలో తీసుకో. వాన గురించి భయపడకు. బయటి కోర్టుల్లో ఆట ఆగుతుంది కానీ మీది పైకప్పు ఉన్న కోర్టు.

ఇప్పుడు చట్టం సంగతి. వాట్సాప్ గ్రూపులో ఎవరో మనవాళ్లే, సొంత కారుంది, నగదు ఇస్తే రోజంతా తిప్పుతానంటున్నారని రాశావు. వద్దమ్మా. లండన్‌లో కిరాయికి మనుషులను ఎక్కించుకోవాలంటే 1998 నాటి చట్టం ప్రకారం మూడు లైసెన్సులు ఉండాలి: బుకింగ్ తీసుకునే సంస్థకు ఒకటి, డ్రైవరుకు ఒకటి, బండికి ఒకటి. మూడూ లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్ ఇచ్చినవే కావాలి. సొంత వాడకానికి చేయించిన బీమా కిరాయి ప్రయాణానికి వర్తించదు. దారిలో ఏదైనా జరిగితే ఆ అబ్బాయీ మునుగుతాడు, మీరూ చిక్కుల్లో పడతారు. లైసెన్సున్న డ్రైవరైనా సరే, సంస్థ ద్వారా తప్ప నేరుగా బుకింగ్ తీసుకోకూడదు. రాత్రి గేటు బయట ‘కారు కావాలా’ అని పలకరించేవాళ్లతో మాట కూడా కలపకండి. రోడ్డు మీద చెయ్యెత్తి ఆపగలిగేది పైన దీపం వెలిగే నల్ల టాక్సీని మాత్రమే.

సంస్థ మంచిదో కాదో తెలుసుకోవడం కష్టం కాదు. ప్రయాణానికి ముందే అంచనా కిరాయి చెప్పవలసిన బాధ్యత వాళ్లది. బండి నంబరు, డ్రైవరు పేరు, ఫోటో ముందుగా నీ ఫోనుకు రావాలి. లైసెన్సు నంబర్లను టీఎఫ్ఎల్ వెబ్‌సైటులో నువ్వే సరిచూసుకోవచ్చు. అద్దెకారు ముందు వెనక అద్దాల మీద టీఎఫ్ఎల్ బిళ్ల ఉంటుంది కానీ, డ్రైవరుతో సహా కిరాయికి ఇచ్చే ఖరీదైన షోఫర్ కార్లలో కొన్నింటికి అది అతికించనక్కరలేదని మినహాయింపు ఇస్తారు. కనుక బిళ్ల కనిపించలేదని ఆ పొద్దున్న కంగారు పడి మామగారి ముందు గొడవ పెట్టుకోకు.

బిల్లులో ఒకటి చూడు. కంజెషన్ ఛార్జి, అంటే రద్దీ ప్రాంతంలోకి బండి తెచ్చినందుకు కట్టే రుసుము, నగరం నడిబొడ్డుకే. హౌన్‌స్లో నుంచి ట్విక్‌న్‌హామ్ వంతెన దాటి, రిచ్‌మండ్, రోహాంప్టన్ మీదుగా వింబుల్డన్ చేరే దారి ఆ పరిధిని తాకనే తాకదు, కనుక అది మీ బిల్లులో ఉండకూడదు. వ్యాట్ కలిపి చెప్పారో, విడిగా వేస్తారో అడుగు.

కారు విషయంలో అల్లుడుగారు మెర్సిడెస్ ఎస్ క్లాస్ అంటున్నారట. ఫోటోలకు బాగుంటుంది, కాదనను. నా మాట అడిగితే, మోకాళ్ల నొప్పులున్న మనిషికి బండి పేరు కంటే సీటు ఎత్తు ముఖ్యం. సెడాన్‌లో కిందికి వంగి కూర్చోవాలి, మళ్లీ కాళ్ల మీద బరువు వేసి లేవాలి. అదే కంపెనీ వి క్లాస్ వ్యానులో సీటు నడుము ఎత్తున ఉంటుంది, తలుపు పక్కకు జారుతుంది, కానీ ఎక్కే మెట్టు ఎత్తు. చిన్న పీట తీసుకురమ్మని బుకింగ్‌లోనే రాయించు; అడిగితే తెస్తారు, అడగకపోతే తేరు. నలుగురూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలంటే కూడా అదే హాయి.

దిగే చోటు గురించి బాగా ఆలోచించుకోవాలి. క్లబ్బు చర్చ్ రోడ్డు మీద ఉంది, 1922లో వర్పుల్ రోడ్డు నుంచి అక్కడికి మారింది. చుట్టూ ఇళ్ల వీధులే. టోర్నమెంటు రోజుల్లో ఆ వీధుల్లో స్థానికుల బళ్లు తప్ప నిలపనివ్వరు, కొన్నిచోట్ల రాకపోకలు ఆపుతారు. ఏ రోడ్డు మూస్తారో, ఎక్కడ దించవచ్చో ఏటా ప్రకటిస్తారు కాబట్టి పోయిన ఏడాది వెళ్లొచ్చినవాళ్ల మాట పట్టుకోకుండా బళ్లను పంపే సంస్థ కంట్రోలరునే అడుగు. డ్రైవరు గేటు దగ్గర కాచుకుని ఉండలేడు, దూరంగా ఎక్కడో ఆగుతాడు; మీరు పిలిచాక రావడానికి అరగంట పట్టినా ఆశ్చర్యపోకండి. చివరి పోటీలో ఫలితం తేలబోతున్నదని మీ మామగారు అనగానే నువ్వు ఒక సందేశం పంపు. ఆట ముగిసేవేళకు ఫోన్ నెట్‌వర్క్ మీద భారం ఎక్కువవుతుంది కనుక, కలుసుకునే చోటును పొద్దున్నే, కారు దిగేటప్పుడే డ్రైవరుతో చూసి ఖాయం చేసుకోండి. వింబుల్డన్ విలేజ్ వైపు వద్దు, అటు గుట్ట ఎక్కాలి, అత్తగారికి కష్టం.

డ్రైవరు గురించి కూడా ఒక మాట. పెళ్లివారిని తెచ్చిన బస్సు డ్రైవరుకు విస్తరి వేయకుండా మనం ఉంటామా? ఈయనా అంతే. మీరు లోపల ఆట చూస్తున్నంతసేపూ ఆయన ఎక్కడో కారులోనే గడుపుతాడు. భోజనానికి, కాసేపు నడుము వాల్చడానికి ఎప్పుడు వెళతారో ముందే అడిగి, ఆ సమయంలో ఫోన్ చేయవద్దు. పేరు పెట్టి పిలిచినా గారు అన్న ధోరణిలోనే మాట్లాడమని అల్లుడుగారికి నా తరఫున చెప్పు. ఇంజను ఆపకుండా ఏసీ వేసి ఉంచమని కూడా అడగవద్దు, నిలబెట్టిన బండి ఇంజను నడిపితే అక్కడ జరిమానా వేయవచ్చు. బిల్లు మీద టిప్పుగా ఇచ్చేది మీ ఇష్టం. బిల్లులో పదోవంతు ఇచ్చేవాళ్లు చాలామంది, ఇవ్వనంత మాత్రాన ఎవరూ నొచ్చుకోరు.

తిండి లోపలికి తీసుకువెళ్లనిస్తారు, కాబట్టి మీ అత్తగారికి పులిహోర, దద్దోజనం మూటగట్టడానికి అడ్డేమీ లేదు. మనిషికి ఒక సంచి మాత్రమే, అదీ 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 లోతు మించకూడదు. మిగతావి, ముఖ్యంగా మందుల రెండో డబ్బా, సాయంత్రం చలికి శాలువాలు, కారులో పెట్టండి. రోజంతా ఒకే కారు ఉంచుకోవడంవల్ల కలిగే లాభాల్లో ఇదొకటి.

మీ మామగారికి నా నమస్కారాలు చెప్పు. 1973లో విజయ్ అమృత్‌రాజ్ క్వార్టర్ ఫైనల్స్ చేరిన కబురు పేపరులో చదివిన తరం ఆయనది, ఆ కథలు దారి పొడుగునా చెబుతారు, విసుక్కోకండి. రెండు మూడు సంస్థలనుంచి అంచనాలు తెప్పించి, అడ్వాన్సు కట్టేముందు నాకు పంపు. పైబడిన గంటల లెక్కనూ, రద్దు చేస్తే ఎంత తిరిగి ఇస్తారన్న షరతునూ చూసి, ఏది మేలో చెబుతాను. జూన్ మొదటి వారం దాటనివ్వకు, ఆ తరువాత మంచి బళ్లన్నీ అయిపోతాయి.

ఆశీస్సులతో,
మీ నాన్న