శనివారం నాటకం గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

చదువు కోసం దేశం దాటిన ఇంగ్లాండు పిల్లల కథతో మొన్న శనివారం తొమ్మిదో తరగతి పిల్లలు వేసిన నాటకం మీద వాట్సాప్ గ్రూపుల్లో చర్చ నడుస్తోందని తెలిసింది. "పరీక్షలు దగ్గర పెట్టుకుని నాటకాలేమిటి, అదీ ఎక్కడో ఇంగ్లాండు క్యాథలిక్కుల కథ" అని కొందరు ఆఫీసుకే వచ్చి అడిగారు. అడిగినందుకు సంతోషం. జవాబు అందరికీ ఒకేసారి చెబుతున్నాను.

ఆ కథను ఎంచుకున్నది పిల్లలే. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటి ఒకటి 2014లో ఫ్రాన్సులోని సెంట్ ఓమర్ ఊరి లైబ్రరీలో బయటపడిందని ఇంగ్లీషు టీచర్ చెప్పారు. ఇంగ్లీషు పుస్తకం అక్కడికెలా చేరిందని ఒక అమ్మాయి పట్టు పట్టింది. ఆ ఊళ్లో ఒకప్పుడు ఉన్న ఇంగ్లీషు బడిదే కావచ్చని పరిశోధకులు అంటారు. అక్కణ్ణుంచి మా పిల్లలు ఆగలేదు.

ప్రొటెస్టెంట్ అయిన మొదటి ఎలిజబెత్ రాణి ఏలుబడిలో ఇంగ్లాండు క్యాథలిక్కులకు సొంత దేశంలో తమ చదువు చదువుకునే వీలు లేకపోయింది. అందుకే 1568లో విలియం అలెన్ అనే ఫాదర్ ఇప్పటి ఫ్రాన్సులోని డువే పట్టణంలో వాళ్ల కోసం కాలేజీ తెరిచారు. 1593లో రాబర్ట్ పర్సన్స్ అనే మరో ఫాదర్ సెంట్ ఓమర్‌లో మగపిల్లల బడి పెట్టారు. 1609లో మేరీ వార్డ్ అనే ఇంగ్లీషు సన్యాసిని అదే ఊరికి వచ్చి ఆడపిల్లలకు చదువు చెప్పారు. మదర్ థెరిసా మొదట చేరిన లొరెటో సిస్టర్లది మేరీ వార్డ్ వేసిన బాటే. అనుమతి లేకుండా పిల్లల్ని విదేశానికి పంపితే 100 పౌండ్ల జరిమానా అని 1585లో చట్టం తెచ్చారు. అయినా తల్లిదండ్రులు పంపారు, మారుపేర్లతో. డువేలో చదివి ఫాదర్లై ఇంగ్లాండుకు తిరిగొచ్చినవాళ్లలో 150 మందికి పైగా మరణశిక్షకు గురయ్యారు. సెంట్ ఓమర్ బడి 1762లో ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్‌కు, 1773లో అక్కడి లియేజ్‌కు, 1794లో ఇంగ్లాండులోని స్టోనీహర్స్ట్‌కు మారింది. ఇప్పటికీ నడుస్తోంది. చదువు కోసం ఇంత తెగించిన కథ ఏ మతం పిల్లలకైనా తెలియాల్సిందే.

ఇక నాటకం సంగతి. సెంట్ ఓమర్‌లో లాటిన్ నాటకాలు చదువులో భాగం. నలుగురిలో నిలబడి గొంతు విప్పడం, పాఠాన్ని ఒంట పట్టించుకోవడం అలాగే నేర్పారు. మా బడిలో నేను ఉన్నంతకాలం నాటకం ఆగదు! క్లాసులో పాఠం చదవమంటే తల దించుకునే అబ్బాయి ఒకడున్నాడు. నాటకంలో దేశం దాటే పిల్లాడి వేషం వాడిదే. రేవులో అధికారి "నీ పేరేమిటి?" అని గద్దిస్తే, ఒక్క క్షణం గుటక మింగి, మారుపేరు చెప్పాడు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. వాళ్ల లెక్కల సార్ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. మేరీ వార్డ్‌గా వేసిన అమ్మాయి తన డైలాగులన్నీ తనే రాసుకుంది.

వ్యాన్ ఫీజు 10వ తేదీలోగా కట్టండి. పరీక్షల టైం టేబుల్ డైరీల్లో అంటించాం.

చిన్న విన్నపం. రిహార్సల్స్ వల్ల చదువు పోతోందన్న ఇళ్లలోనే అర్ధరాత్రి దాకా పిల్లల చేతుల్లో ఫోన్లు ఉంటున్నాయి. మొదటి పీరియడ్‌లో వాళ్లు కునికిపాట్లు పడుతున్నారు. ప్రాజెక్టు చార్టులు షాపులో చేయించి పంపకండి, వంకర గీతలైనా మాకు వాళ్లవే కావాలి. తొమ్మిదో తరగతి పిల్లల బ్యాగులు దయచేసి గేటు దగ్గరే వాళ్లకిచ్చేయండి.

రాలేకపోయినవారి కోసం వచ్చే శనివారం సాయంత్రం 4 గంటలకు నాటకం మళ్లీ వేస్తున్నాం. అభ్యంతరం చెప్పినవారికి ముందు వరుసలో కుర్చీలు ఉంచుతాం, తప్పక రండి.

మీ
ప్రధానోపాధ్యాయిని