ఆహార భద్రతా కమిషనర్ గారికి, పల్లీల బూజు గురించి

సార్, మొన్న మా సందులోని కిరాణా కొట్టు నుంచి అరకిలో పల్లీలు తెచ్చి చట్నీకని వలిస్తే పొట్టు కింద ఆకుపచ్చ బూజు, ముక్క వాసన. అడిగితే "వేయిస్తే పోతుందమ్మా" అన్నాడు.

పోదు సార్. ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం మామూలు వంట వేడికి పూర్తిగా పోదు, కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి తింటే లివర్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, హెపటైటిస్ బి ఉన్నవాళ్లకైతే ఇంకా ఎక్కువ. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు.

దీని మీద పనిచేసిన జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ తార్నాకలో, మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పటాన్‌చెరులో, మన పక్కనే ఉన్నాయి. విడిగా అమ్మే పల్లీలు, కారం శాంపిళ్లు ఎన్ని తీశారో, ఎన్ని ఫెయిలయ్యాయో నెలనెలా బయటపెట్టండి. ఏరేసిన పుచ్చు గింజలు పొడుల్లోకి చేరకుండా చూడండి, ఈ వానాకాలం నుంచే.