కనెక్టింగ్ ఫ్లైట్ ఉన్నవాళ్లకు వేరే లైను పెట్టలేరా?

సంపాదకులు గారికి నమస్కారం.

విదేశాల నుంచి వచ్చే మనవాళ్లందరికీ దిగిన ఊళ్లోనే ఇల్లుండదు. గన్నవరమో రాజమండ్రో తిరుపతో చేరాలంటే ఏ ఢిల్లీలోనో ముంబైలోనో దిగి ఇంకో విమానం పట్టుకోవాలి. దేశంలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమిగ్రేషన్, అంటే పాస్‌పోర్ట్ తనిఖీ. ఆ లైనులో ఎంతసేపు పడుతుందో టికెట్ అమ్మినవాళ్లకీ తెలియదు, కొన్నవాళ్లకీ తెలియదు. విమానం తప్పిపోతే నష్టం మాత్రం కొన్నవాళ్లదే. ఇదేం లెక్కో నాకు అర్థం కావడం లేదు.

మా అమ్మాయి పురుడని అమెరికా వెళ్లి ఈమధ్యే మావారూ నేనూ తిరిగొచ్చాం. మొత్తం ప్రయాణానికి ఒకటే టికెట్, ఒకటే పీఎన్ఆర్, విమానం మారడానికి రెండున్నర గంటల టైము. అది చాలని చెప్పే అమ్మారు. మొదటి విమానం లేటు కూడా కాలేదు. తీరా ఇమిగ్రేషన్ హాల్లోకి వెళ్తే బ్రహ్మోత్సవాలప్పుడు తిరుమల కంపార్టుమెంట్లలో ఉన్నట్టుంది. అర్ధరాత్రి దాటాక గల్ఫ్ నుంచి, యూరప్ నుంచి పెద్ద విమానాలు వరసపెట్టి దిగుతాయి, ఒక్కోదాంట్లో రెండు మూడు వందల మంది ఉంటారు, ఇది రోజూ జరిగేదే, ఎవరికీ కొత్త కాదు. కౌంటర్లు బారుగా కట్టారు, కానీ చాలావాటిలో కుర్చీలు ఖాళీ.

మా ముందున్న కుర్రాడు వారణాసి బోర్డింగ్ పాసు చేత్తో పైకెత్తి పట్టుకుని అందరినీ దారి అడుగుతున్నాడు, కొందరు వదిలారు, కొందరు తిట్టారు. లైను బెల్టు దగ్గర నిలబడ్డ అబ్బాయికి మా టికెట్ చూపిస్తే కనీసం దాని వంక చూడకుండానే ‘సబ్‌కా కనెక్షన్ హై, ఆంటీ’ అన్నాడు. నిజంగా అందరికీ ఉంటే అందరికీ కలిపి ఒక లైను పెట్టాలి కదా, ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు. చివరికి కౌంటర్ దగ్గరికి చేరాక పాస్‌పోర్ట్ తీసుకోవడం, ఫొటో తీయడం, ముద్ర వేయడం అంతా కలిపి రెండు నిమిషాల్లో అయిపోయింది. అంటే టైమంతా తనిఖీకి కాదు, నిలబడటానికే పోతోంది.

ఆ తర్వాత సామాను సంగతి. బ్యాగులు గన్నవరం దాకా ట్యాగు చేసి ఉన్నా దిగినచోటే తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. మేం వెళ్లేసరికి మా బ్యాగుల్ని ఎవరో బెల్టు మీంచి తీసి ఓ పక్కన నేల మీద పెట్టేశారు. దేశీయ విమానాలకు మామూలుగా గంట ముందే బ్యాగులు తీసుకోవడం ఆపేస్తారు. కాబట్టి విమానం కళ్లెదురుగా ఉన్నా మాకు లేనట్టే. ఎయిర్‌లైన్ వాళ్లు మర్నాటి విమానంలో సీట్లు ఇచ్చారు, ఆ మాట చెప్పాలి. రాత్రి బస మాత్రం మీదే అన్నారు, ఎందుకంటే ఆలస్యం మాది కాదు, ఇమిగ్రేషన్‌ది అని. ఇమిగ్రేషన్ వాళ్లని అడిగితే మేం హోంశాఖ కింద పనిచేస్తాం, టికెట్లతో మాకేం సంబంధం అన్నారు. ఎయిర్‌పోర్ట్ హెల్ప్‌డెస్క్‌లో ఉన్నావిడేమో కౌంటర్లు కట్టడం వరకే మా పని, అందులో మనుషుల్ని కూర్చోబెట్టేది వాళ్లు అంది. ముగ్గురూ చెప్పింది నిజమే, అదే అసలు బాధ.

విమానం ఎక్కనివ్వకపోయినా, రద్దయినా, ఆలస్యమైనా ప్రయాణికులకు ఏమేం చేయాలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనలున్నాయి. ఇమిగ్రేషన్ లైనులో చిక్కుకుని విమానం పోగొట్టుకున్నవాళ్లు ఈ మూడింట్లో దేని కిందికీ రారు. మాలా ఒకే టికెట్ ఉన్నవాళ్లు కాస్త నయం. రెండో విమానానికి విడిగా టికెట్ కొన్నవాళ్లని నో షో, అంటే ప్రయాణానికి రాలేదని రాసేస్తారు, అంతే సంగతులు.

ఇంకో ముచ్చట. మన పెద్దవాళ్లు చాలామంది వీల్‌చెయిర్ అడిగేది మోకాళ్ల నొప్పులకు కాదు, ఇంగ్లిష్ రాదని, లైను భయమని. పిల్లలే బుక్ చేసి పంపిస్తారు. మేం దిగిన రోజు వీల్‌చెయిర్ల లైనే ఇంకో లైనంత ఉంది, ఒక్కో అబ్బాయి రెండేసి కుర్చీలు లాక్కొస్తున్నాడు. నిజంగా నడవలేనివాళ్లు వాటి మధ్య ఇరుక్కుపోయారు. నేను వాళ్ల పిల్లల్ని తప్పుపట్టను, మామూలు లైను సరిగ్గా నడిస్తే సగం మందికి కుర్చీ అక్కర్లేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనీ అనను. 2024 జూన్‌లో ఢిల్లీలో ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ మొదలుపెట్టారు, 2025 జనవరిలో హైదరాబాద్‌తో కలిపి ఇంకో ఏడు విమానాశ్రయాలకు విస్తరించారు. భారతీయులకూ, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మన సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నవాళ్లకూ ఉచితమే. ముందుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి వేలిముద్రలు, ఫొటో ఇస్తే ఆటోమేటిక్ గేట్ల నుంచి వచ్చేయొచ్చు. మంచిదే, మా అల్లుడు చెప్పేదాకా మాకు తెలియదు. కానీ ఎప్పుడో ఒకసారి విమానమెక్కే తెనాలి, భీమవరం పెద్దవాళ్లు ఇదంతా చేసుకుని బయల్దేరతారా? పథకం ఉంది కాబట్టి మామూలు లైను ఎలా ఉన్నా ఫరవాలేదంటే కుదరదు.

ఏ విమానంలో ఎవరికి కనెక్షన్ ఉందో, ఎన్నింటికి ఉందో ఎయిర్‌లైన్ దగ్గర విమానం దిగకముందే లిస్టు ఉంటుంది. దాన్ని పట్టుకుని ఒక మనిషి హాల్లో నిలబడి ‘గన్నవరం వాళ్లు ఇటు రండి, పట్నా వాళ్లు ఇటు రండి’ అని పిలిచి రెండు కౌంటర్లు వాళ్లకే కేటాయిస్తే ఖర్చేమవుతుంది? అది చేతకాకపోతే రద్దీ వేళల్లో రెండున్నర గంటల కనెక్షన్లు అమ్మడం మానేయండి, నాలుగు గంటలవి అమ్మండి, మేం కూర్చుంటాం. పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఆయనే. ఇమిగ్రేషన్ తన శాఖ కాదని ఆయనా అనొచ్చు, అనకుండా హోంశాఖ వాళ్లని, ఎయిర్‌లైన్ల వాళ్లని, ఎయిర్‌పోర్టుల వాళ్లని ఓ రోజు రాత్రి రెండింటికి ఆ హాల్లోనే కూర్చోబెట్టి మీటింగు పెడితే బాగుంటుంది.

ఈలోగా విడి టికెట్ కొని విమానం పోగొట్టుకున్నవాళ్లకు ఒక మాట. ఛార్జీ పోయినా, ఎక్కని విమానానికి కట్టిన పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు (విమానాశ్రయం పేరిట టికెట్‌లో కలిపేది) వెనక్కివ్వాలని డీజీసీఏ నిబంధన ఉంది. ఎయిర్‌లైన్‌కు రాసి అడిగి మరీ తీసుకోండి.

- ఒక రిటైర్డ్ టీచర్, తెనాలి