ఓఆర్‌ఎస్ వెనుక ఉన్న పిల్లల వైద్యుడు

సంపాదకులకు నమస్కారం.

పిల్లల్లో విరేచనాలు పెరిగే ఈ వానాకాలంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ సేవలను పాఠకులకు గుర్తుచేయడం అవసరమని భావిస్తున్నాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వేళ, పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు, పిల్లల వైద్యుడైన ఆయన ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని, అంటే ఓఆర్‌ఎస్‌ను (నోటి ద్వారా తాగించే లవణ ద్రావణాన్ని), డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపునకు తగ్గాయి. అంతటి సాహసానికి పద్మవిభూషణ్ 2023లో, అదీ మరణానంతరం, దక్కడం నాకు నేటికీ బాధగానే ఉంది.

బిడ్డకు విరేచనాలైతే నీళ్లు మాన్పించే తల్లులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఓఆర్‌ఎస్ పొడిని లీటరు నీటిలో కలిపే తీరును ప్రతి అంగన్‌వాడీలో వారికి స్వయంగా చేసి చూపించాలని, ఆయన పేరు కూడా చెప్పాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు