గ్రాఫిక్స్ కార్డు పెట్టె మీద ఆ ఒక్క విషయం కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

కొత్త గ్రాఫిక్స్ కార్డు ఏదైనా వచ్చిందని మీ పత్రికలో రాసినప్పుడల్లా వదలకుండా చదువుతాను. ఏ ఆటలో ఎన్ని ఫ్రేములు వస్తాయో, మెమరీ ఎంతో, ధర ఎంతో అన్నీ ఉంటాయి. నాలాంటివాళ్ళకి కావాల్సిన ఒక్క సంగతి మాత్రం మీరూ రాయరు, తయారుచేసేవాళ్ళూ పెట్టె మీద వేయరు, షాపులో అడిగితే వాళ్ళకీ తెలియదు. ఒక వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) ఆపేసి అదే కార్డుని ఇంకో మెషిన్‌కి ఇస్తే ఆ కార్డు మళ్ళీ లేస్తుందా, లేవదా?

నేను తెనాలిలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. నేను వాడే సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. మా తమ్ముడు ఎంటెక్ చదువుతున్నాడు, వాడి మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టు లినక్స్‌లో. ఇద్దరికీ మంచి కార్డు కావాలి, ఇంట్లో ఉన్నది ఒక్కటే. మొదట్లో డ్యూయల్ బూట్, అంటే ఆన్ చేసేటప్పుడు విండోసో లినక్సో ఎంచుకునే పద్ధతి, పెట్టుకున్నాం కానీ వాడు లినక్స్‌లోకి వెళ్ళాలంటే నేను అన్నీ మూసేయాలి, ఒక్కో పెళ్ళికి మూడు నాలుగు కెమెరాల ఫుటేజ్ ఉంటుంది, అది బ్యాకప్ డిస్కులోకి కాపీ అవుతుంటే మధ్యలో రీస్టార్ట్ చేయడానికి లేదు, పాపం వాడేమో రాత్రి పదకొండు దాకా పక్కనే కూర్చుని "అన్నయ్యా, అయిందా?" అని అడుగుతూ ఉండేవాడు.

అందుకని అసలు కంప్యూటర్ మీద లినక్స్ వేసి, దాని లోపల కేవీఎంతో (లినక్స్‌లోనే ఉండే వర్చువల్ మెషిన్ల ఏర్పాటు) రెండు వర్చువల్ మెషిన్లు పెట్టాను, విండోస్ నాకు, ఇంకో లినక్స్ వాడికి. బయటి సిస్టమ్‌కి ప్రాసెసర్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్స్ చాలు. పెద్ద కార్డుని అది ముట్టుకోదు, మాలో ఎవరి మెషిన్ ఆన్ చేస్తే వాళ్ళకి నేరుగా అప్పగిస్తుంది. దీన్నే జీపీయూ పాస్‌త్రూ అంటారు. లినక్స్‌లో ఈ పని చేసే వీఎఫ్ఐఓ 2012 నుంచీ ఉంది, నిన్న మొన్న వచ్చిందేం కాదు. విండోస్‌కి ఆ కార్డు తనదే అన్నట్టు కనిపిస్తుంది, మామూలు డ్రైవర్‌తోనే నడుస్తుంది, ప్రివ్యూ ఎక్కడా ఆగి ఆగి రాదు. కీబోర్డు మీద ఎడమ కంట్రోల్, కుడి కంట్రోల్ రెండూ కలిపి నొక్కితే కీబోర్డూ మౌసూ విండోస్‌లోకి వెళ్తాయి, మళ్ళీ నొక్కితే బయటికి వస్తాయి, మానిటర్‌లో ఇన్‌పుట్ మార్చుకోవడమే మిగిలింది. వెనకాల కాపీ దాని మానాన అది సాగుతూనే ఉంటుంది. అది మొదటిసారి చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

తంటా అంతా ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేటప్పుడే. కిందటి మాఘమాసంలో వరసగా ముహూర్తాలు. ఒక రాత్రి జీలకర్ర బెల్లం దాకా కట్ చేసి, విండోస్ షట్‌డౌన్ చేసి, తమ్ముడి మెషిన్ ఆన్ చేశాను. తెర నల్లగానే ఉంది. కార్డు ఫ్యాన్లు మాత్రం హోరుమని తిరుగుతున్నాయి. సరే, మళ్ళీ నా విండోసే పెడదామంటే అదీ రాదు. కంప్యూటర్ మొత్తం రీస్టార్ట్ చేస్తే తప్ప కార్డు లేవలేదు, అప్పటికి ఒక పెళ్ళి ఫుటేజ్ కాపీ సగంలో ఉంది. ఆ టెన్షన్ నేను మాటల్లో చెప్పలేను, ఎందుకంటే పోతే మళ్ళీ తీయగలిగేది కాదు కదా అది.

తర్వాత తెలిసింది ఏమిటంటే, అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేసి తాళం తమ దగ్గరే పెట్టుకుని వెళ్ళిపోయినట్టు, మొదటి మెషిన్ ఆగిపోయినా కార్డు ఆ పాత స్థితిలోనే ఉండిపోతుంది. దాన్ని కొత్తగా చేయడానికి రీసెట్ కావాలి. కార్డుని మదర్‌బోర్డుకి కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్రమాణంలో ఫంక్షన్ లెవెల్ రీసెట్ అని అచ్చం ఇందుకోసమే ఒక ఏర్పాటు ఉంది కానీ అది తప్పనిసరి కాదు, పెట్టాలా వద్దా అన్నది తయారీదారు ఇష్టం. ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే, మెషిన్ మార్చేముందు కంప్యూటర్ మొత్తాన్ని ఒక నిమిషం స్లీప్‌లో పెట్టి లేపుతున్నాను, దాంతో కార్డుకి కరెంటు తెగి మళ్ళీ వస్తుంది, బుద్ధిగా లేస్తుంది. కాకపోతే బయట తగిలించిన హార్డ్ డిస్కు ఒక్కోసారి అప్పుడే తెగిపోతుంది.

మదర్‌బోర్డుదీ ఇదే కథ. దాని మీదున్న పరికరాలు ఐఓఎంఎంయూ (ఏ పరికరం ఏ మెమరీని ముట్టుకోవచ్చో కాపలా కాసే భాగం) గ్రూపులుగా విడిపోయి ఉంటాయి, ఒక గ్రూపులో ఉన్నవన్నీ వర్చువల్ మెషిన్‌కి కలిపే ఇవ్వాలి. చాలా బోర్డుల్లో పై స్లాట్‌కి విడి గ్రూపు ఉంటుంది, కింది స్లాట్‌లో కార్డు పెడితే మాత్రం నెట్‌వర్కూ డిస్కు కంట్రోలరూ దాంతోపాటే వచ్చేస్తాయి. ఇది కొన్నాక గానీ తెలియదు. నేను మొన్న ఒక స్నేహితుడికి బోర్డు కొనేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) పట్టుకెళ్ళి, షాపాయన్ని బతిమాలి, కౌంటర్ మీదే బూట్ చేసి గ్రూపులు చూసుకున్నాం. అందరూ అలా చేయగలరా?

కంపెనీలు మారవని అనుకోవడానికి లేదు. ఒకప్పుడు ఎన్‌విడియా జీఫోర్స్ కార్డుల డ్రైవర్, తాను వర్చువల్ మెషిన్‌లో ఉన్నానని పసిగడితే కోడ్ 43 అనే ఎర్రర్ చూపించి ఆగిపోయేది, జనం దాన్ని దాటడానికి నానా తిప్పలు పడేవాళ్ళు. 2021లో ఆ కంపెనీయే ఆ అడ్డు తీసేసింది. అదీగాక 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిశాక, లినక్స్ వేసుకుని విండోస్‌ని లోపల ఒక మెషిన్‌గా ఉంచుకుందామని నన్ను అడుగుతున్నవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళకి ఫలానా కార్డు కొనండి అని ధైర్యంగా చెప్పలేకపోతున్నాను.

అందుకని తయారీదారులు కార్డు పెట్టె మీద రీసెట్ సంగతి, మదర్‌బోర్డు పుస్తకంలో గ్రూపుల పట్టిక వేయాలి. మీరు కూడా ఈసారి కార్డుని పరీక్షించినప్పుడు ఆటలతో పాటు ఒక వర్చువల్ మెషిన్ ఆన్ చేసి, ఆపి, వెంటనే ఇంకోటి ఆన్ చేసి చూడండి, పది నిమిషాల పని. తెర వెలిగిందో లేదో ఒక్క వాక్యం రాయండి. వచ్చే సీజన్ లోపు నేను కొత్త కార్డు కొనాలి.

ఇట్లు,
ఒక పెళ్ళి వీడియో ఎడిటర్, తెనాలి