అమ్మ స్కాన్ చదివిన డాక్టరమ్మకు

అమ్మ ఆపరేషన్ బాగా జరిగింది, ఇంటికొచ్చేసింది. ఫోన్లు చేసిన బంధువులకు, అడగ్గానే వచ్చి రక్తం ఇచ్చిన అన్నయ్య స్నేహితులకు పేరుపేరునా కృతజ్ఞతలు. సర్జన్ గారికి ఎదురుగానే చేతులెత్తి దండం పెట్టాం. మేం ముఖమైనా చూడని ఒకరున్నారు, ఈ పోస్టు ముఖ్యంగా వారి కోసం.

అమ్మకు ఉన్నట్టుండి గుండె దడ, తల పగిలేంత నొప్పి, జాకెట్టు తడిసిపోయేలా చెమటలు వచ్చేవి. కాసేపటికి అన్నీ తగ్గిపోయేవి. ఆస్పత్రికి వెళ్లేసరికి బీపీ మామూలే. అందరూ టెన్షన్ అన్నారు, పిన్ని దిష్టి కూడా తీసింది. కడుపునొప్పికని తీయించిన అల్ట్రాసౌండ్‌లో కుడి కిడ్నీ పైన, అడ్రినల్ గ్రంథిలో గడ్డ కనిపించింది. ఒకచోట సూదితో ముక్క తీసి చూద్దామన్నారు.

ఆలోపు తీసిన సీటీ చదివిన రేడియాలజిస్టు మేడమ్ రిపోర్టు రాసి ఊరుకోలేదు. అన్నయ్యకు ఫోన్ చేసి, "అమ్మకు దడ, చెమటలు వస్తుంటాయా?" అని అడిగారు. ఈ గ్రంథిలో గడ్డలు చాలావరకు హాని చేయని అడినోమాలేనట. వాటిలో కొవ్వు ఎక్కువుంటే, మందు ఎక్కించకుండా తీసిన సీటీలో సాంద్రత 10 హెచ్‌యూ (సీటీలో సాంద్రతకు వాడే కొలత) లోపే ఉంటుందట. అమ్మది 38, సైజు 4 సెంటీమీటర్ల పైనే. ఫియోక్రోమోసైటోమా, అంటే అడ్రినలిన్ లాంటి హార్మోన్లను అతిగా వదిలే గడ్డ కావచ్చని, హార్మోన్ పరీక్ష కాకుండా సూది పెట్టనివ్వొద్దని గట్టిగా చెప్పారు. గుచ్చితే అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి ప్రాణం మీదికి రావచ్చట.

తర్వాత 24 గంటల మూత్ర పరీక్ష. ఆ క్యాన్‌ను ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టడానికి అమ్మ ససేమిరా అంది, ఐసు బకెట్ తెచ్చాం. మెటానెఫ్రిన్లు, అంటే ఆ హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాలు, చాలా ఎక్కువగా ఉన్నాయి. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) గారు ముందు రక్తనాళాలను సడలించే ప్రాజోసిన్ మొదలుపెట్టి, అది పనిచేశాకే దడకు బీటా బ్లాకర్ ఇచ్చారు. ఈ వరస తారుమారైతే బీపీ ఇంకా ఎగబాకుతుందట. నీళ్లు, ఉప్పు బాగా తీసుకోమన్నారు. బీపీ ఉన్న మనిషికి ఆవకాయ తినే అనుమతి దొరికిందని అమ్మ సంబరం చూడాలి!

ఆపరేషన్‌లో గడ్డను కదిపినప్పుడల్లా బీపీ పైకి ఎగిసిందట, దాని సిర మూసేయగానే కిందికి పడిపోయిందట. దాన్ని కాచుకున్న మత్తు డాక్టరు గారికి వేల దండాలు. ఇది వంశపారంపర్యంగానూ రావచ్చు కాబట్టి అమ్మకు జన్యు పరీక్ష చేయిస్తున్నాం.

మేడమ్, తీసిన గడ్డ పరీక్ష రిపోర్టు కాపీ మీ సెంటర్ కౌంటర్‌లో ఇచ్చాం. మీరు అనుమానించిందే తేలింది.