దంపతులకు ఒకే వీలునామా చాలునట!

సంపాదకుడు గారికి నమస్కారం.

పది పన్నెండు రోజుల కిందట మీ జిల్లా పేజీలో దంపతుల వీలునామా గురించి వేసిన సలహా చూసి, ఎవరో ఒకరు దిద్దుతారులే అని ఊరుకున్నాను. దిద్దడం అటుంచి, ఆ ముక్క కత్తిరించుకుని జనం డీటీపీ సెంటర్ల ముందు నిలబడుతున్నారు. భార్యాభర్తలు కలిసి ఒకే వీలునామా వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి, నోటరీ ముద్ర వేయించుకుంటే పిల్లలకు ఏ చిక్కూ ఉండదట. ఒక్క వాక్యంలో ఇన్ని తప్పులు ఇరికించడం కూడా ఒక విద్యే.

వీలునామాకు స్టాంపు సుంకమే లేదు. తెల్ల కాగితం చాలు. స్టాంపు కాగితం వల్ల లాభం లేకపోగా, కాగితం అమ్మిన తేదీ వెనక ఒకటుండి, లోపల రాసిన తేదీ దానికి ముందుదైతే ఎదుటి వకీలుకు పండగే. నోటరీ ముద్రా అంతే, అది సాక్షి సంతకానికి బదులు కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ అడిగేది రాసినవారి సంతకం లేదా వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. ఆ సాక్షులు సంతకం పెడుతుండగా చూడాలి, లేదా ‘ఇది నా సంతకమే’ అని రాసినవారి నోట వినాలి, ఆ తర్వాత ఆయన ఎదుటే తామూ సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే మంచిదే. అయితే రిజిస్టరైనంత మాత్రాన వీలునామా రుజువైపోయినట్టు కాదు. తగవు వస్తే, బతికి ఉన్న సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టు మెట్లెక్కి చెప్పాల్సిందే. మనవాళ్లేమో ఆఫీసు బయట టీ తాగుతున్న కుర్రాణ్ని పిలిచి సంతకం పెట్టిస్తారు. ఇరవై ఏళ్లకు పని పడినప్పుడు వాడు సూరత్ మగ్గాల్లో ఎక్కడున్నాడో వాళ్లమ్మకే తెలియదు. సాక్షులు రాసేవారికంటే చిన్నవాళ్లై, ఊళ్లో కాపురం ఉన్నవాళ్లై, ఆస్తిలో వాటా లేనివాళ్లై ఉండాలి. ముసలితనంలో రాస్తుంటే ఒక సాక్షి డాక్టరైతే మరీ మంచిది.

గజపతి జిల్లాలో క్రైస్తవ కుటుంబాలు తక్కువేం కాదు. వాళ్ల ఊసే మీ సలహాలో లేదు. క్రైస్తవుల వీలునామాలో సాక్షికి గానీ, సాక్షి భార్యకో భర్తకో గానీ ఇచ్చిన ఆస్తి చెల్లదు. రాసిన తర్వాత పెళ్లి చేసుకుంటే పాత వీలునామా దానంతటదే రద్దవుతుంది. హిందువులకు ఈ రెండూ వర్తించవు. ముస్లింలకైతే వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతుకు మించి రాసే వీలే లేదు. అందరికీ ఒకే నమూనా అచ్చేస్తే ఎలాగండీ?

ఇక ఆ ఉమ్మడి వీలునామా. ఇద్దరి మాటా ఒకే కాగితం మీద ఉంటే, ఒకరు పోయాక మిగిలినవారు దాన్ని మార్చుకోవచ్చా లేదా అన్నదే మొదటి వ్యాజ్యం. మార్చబోమని ఒప్పుకుని రాశారా, బతికినవారు ఆ ఆస్తి అనుభవించారా అని ఏళ్ల తరబడి వాదిస్తారు. ఈలోగా చెప్పినమాట వినని కొడుకుకు వాటా తగ్గిద్దామన్నా తల్లికి చేయి ఆడదు. అందుకని ఎవరి వీలునామా వారిదే, రెండు కాగితాలు. ఒకదానికొకటి అద్దంలా ఉండొచ్చు, తప్పులేదు. భర్త తన ఆస్తి మాత్రమే రాయాలి. భార్య పేరున ఉన్న ఇల్లూ, పుట్టింటివారు పెట్టిన బంగారమూ ఆయన పంచేవి కావు. తాతల నాటి భూమైతే తన వాటా వరకే. 2005 సవరణతో అందులో కూతుళ్లకూ కొడుకుతో సమానంగా హక్కుందని ఇప్పటికీ చెప్పాల్సి రావడం మన ఖర్మ.

రాయకపోతే అంతా భార్యకే వస్తుందనుకునేవాళ్లు కోకొల్లలు. హిందూ భర్త వీలునామా లేకుండా పోతే భార్య, పిల్లలు, ఆయన తల్లి సమానంగా పంచుకుంటారు. ఇద్దరు పిల్లలుండి అత్తగారు బతికి ఉంటే భార్యకు వచ్చేది నాలుగో వంతు. పిల్లలు మైనర్లయితే వాళ్ల వాటా భూమి అమ్మడానికి తల్లి కూడా కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. నలభై దాటని దంపతులు ముందు రాయాల్సింది ఇందుకే. ఇద్దరూ ఒకే ప్రమాదంలో పోతే, ఎవరు ముందో తెలియనప్పుడు, చిన్నవారు తర్వాత పోయినట్టు హిందూ వారసత్వ చట్టం లెక్కగడుతుంది. కాబట్టి ‘నా భార్య నాకంటే ముందు గానీ, నా తర్వాత ముప్పై రోజుల లోపు గానీ మరణిస్తే నా ఆస్తి పిల్లలకు’ అని ఒక వాక్యం ఉండాలి. మైనర్ పిల్లల సంరక్షకుడి పేరు ఇద్దరి వీలునామాల్లోనూ రాయాలి. తండ్రి ఒక్కడే రాస్తే, తల్లి బతికి ఉన్నంతవరకు ఆ మాట చెల్లదు. తర్వాత ఆమె వేరే పేరు రాసి పోతే అసలే చెల్లదు. ‘నా భార్య అనుభవించి తదుపరి పిల్లలకు’ అనే పాతకాలపు వాక్యం మాత్రం దయచేసి వద్దు. ఆమెకు అమ్ముకునే హక్కుందా, లేదా? ఏదో ఒకటి తేల్చి రాయండి. బ్యాంకులో నామినీ రాశాం కదా అంటారు. నామినీ డబ్బు అందుకునేవాడే, దానికి యజమాని కాడు. ఎల్ఐసీ పాలసీ విషయంలోనూ సుప్రీంకోర్టు 1984లో ఆ మాటే చెప్పింది; అయితే 2015 బీమా చట్ట సవరణతో తల్లిదండ్రులో, భార్యో భర్తో, పిల్లలో నామినీలైన పాలసీల లెక్క మారింది.

అసలు మంట వేరే ఉంది. ఆ సలహా రాసినవారు ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో బతుకుతున్న మనల్ని మరిచిపోయారు. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇల్లు, అవతల ఆంధ్రలో పాతపట్నం వైపు పొలం ఉన్నవాళ్లు వీధికి పదిమంది. ఇక్కడి భూమికి తహసీలు, మౌజా, ఖాతా నంబరు, ప్లాట్ నంబరు, ఎకరాలు డెసిమళ్లు కావాలి. అక్కడి భూమికి గ్రామం, సర్వే నంబరు, సబ్ డివిజన్, ఎకరాలు సెంట్లు. డెసిమలన్నా సెంటన్నా ఎకరంలో నూరో వంతే. కానీ సర్వే నంబరు ఉండాల్సిన చోట ప్లాట్ నంబరు పడితే మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పిడి, ఆగిపోతుంది. నాలుగు హద్దులూ రాసి, పట్టా నకలు పక్కన పెట్టుకుని అంకె అంకె సరిచూడాలి. కొందరు రాష్ట్రానికో వీలునామా రాస్తారు. రెండోదాని మొదట్లో నమూనాలోని వాక్యం అలాగే దిగుతుంది: ‘ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ రద్దు.’ దాంతో మొదటిది పోయినట్టే!

భాష సంగతి చూడండి. తెలుగులో రాసింది తీసుకోం, ఒడియాలో తెండి అనడం కొన్ని రిజిస్ట్రేషన్ కౌంటర్లలో రివాజైపోయింది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షన్ చదివారా అసలు? అధికారికి ఆ భాష తెలియకపోవడమూ, జిల్లాలో ఆ భాష సాధారణ వాడుకలో లేకపోవడమూ, రెండూ ఉంటేనే తిరస్కరించాలి. అప్పుడు కూడా జిల్లా వాడుక భాషలో సరైన అనువాదం, నకలు జతచేస్తే తీసుకోవాలి. 1936లో ఒడిశా ఏర్పడకముందు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ సీమలో తెలుగు వాడుకలో లేదట! సంతలో బేరాలు ఏ భాషలో సాగుతున్నాయో ఒకసారి కిటికీ తెరిచి వినండి. కౌంటరుతో పోట్లాడలేని పెద్దావిడ తనకు చదవరాని ఒడియా కాగితం మీద వేలిముద్ర వేస్తుంది. రేపు కూతురో కొడుకో ‘అమ్మకు అందులో ఏముందో తెలియదు’ అంటే ఎవరు జవాబు చెబుతారు? ఒడియాలోనే రాయాల్సి వస్తే ‘తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకుని సంతకం చేశాను’ అన్న మాట చేర్చాలి. చదివి వినిపించినవారి పేరు రాయాలి. ఒక సాక్షికైనా రెండు భాషలూ రావాలి. తెలుగులో రాస్తే ఒడియా ప్రతి మీద ‘అనువాదం మాత్రమే’ అని స్పష్టంగా ఉండాలి. లేకపోతే అది ఇంకో వీలునామా అయి కూర్చుంటుంది.

పాత దస్తావేజు రైటర్లు మూడు పేజీలు చేత్తో రాసి, చదివి వినిపించి, కొట్టివేత ఉన్నచోటల్లా పక్కన సంతకం పెట్టించేవారు. ఇప్పుడు డీటీపీ సెంటరులో నిన్నటి ఫైలు తెరిచి పేర్లు మారుస్తారు. మొదటి పేజీలో ఒక్కగానొక్క కొడుకు, మూడో పేజీలో ‘నా ముగ్గురు కుమార్తెలకు’. దానికీ వెయ్యి రూపాయలు. అవగాహన సదస్సులకు ఫ్లెక్సీలు కడతారు, ఫొటోలు దిగుతారు, ఆ ఫొటోలు మీరు వేస్తారు. మంచాన పడ్డవారి దగ్గరికి తగిన కారణం చూపితే రిజిస్ట్రేషన్ అధికారే ఇంటికి వస్తారనీ, సీలు వేసిన కవరులో వీలునామాను జిల్లా రిజిస్ట్రారు దగ్గర భద్రపరచవచ్చనీ ఆ ఫ్లెక్సీల మీద ఎక్కడైనా ఉందా? ఆఫీసు గోడ మీద ఫీజుల పట్టిక తెలుగులో ఒక్క వరుస ఉందా?

సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం. వేస్తే మాత్రం ఆ సలహా వేసిన చోటే, అంతే సైజులో వేయండి. పెళ్లి సంబంధాల ప్రకటనల కింద కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా